తీరమున దొరికినది ఎవరి సొత్తు?

పోయిన వస్తువు మరియొకనికి దొరికినపుడు ఏమి చేయవలెనో ధర్మశాస్త్రములు నిర్ణయించియున్నవి. యజమాని ఎవరో తెలియని సొత్తును రాజు మూడు సంవత్సరములు భద్రపరుపవలెననియు, ఆలోగా యజమాని వచ్చి ఆనవాళ్లు చెప్పినచో అతనికి అప్పగింపవలెననియు, రానిచో రాజు స్వీకరింపవచ్చుననియు మనుధర్మశాస్త్రము చెప్పుచున్నది. భూమిలో దొరకు నిధులను గూర్చి ఆంగ్లప్రభుత్వము 1878లో ఒక చట్టము చేసినది. పది రూపాయలకు మించిన విలువ గల నిధి కనబడినవాడు ఆ సంగతి కలెక్టరునకు తెలుపవలెను. కాని సముద్రపుటలలు తెచ్చి ఇసుకలో విడిచిపోయిన గవ్వకు ఈ నియమములేవియు అతుకవు. దానిని దాచినవాడు లేడు. పోగొట్టుకొని వెదకుకొనువాడు లేడు. వంగి తీసికొన్నవానిదే అది అని లోకము నమ్మకము. ఈ నమ్మకమును వైష్ణవ గృహస్థుడు ఎంతవరకు అంగీకరింపవచ్చును?

గవ్వ కొరకు ఇంత విచారణ ఏల అని తోచవచ్చును. పెద్ద సొత్తుల విషయములో మనస్సు జాగరూకమై యుండును. ఇరుగువాని పెరటిలోని కొబ్బరికాయను తీయుటకు చేయి జంకును. ఎవరును చూడని, ఎవరును అడుగని చోట, వెల లేని వస్తువు విషయములో చేయి ఎట్లు కదలునో చూచినగాని మనుష్యుని అలవాటు తెలియదు.

సింహాచలమున వరాహనృసింహస్వామిని సేవించుకొన్న యాత్రికులు అనేకులు ఆ దినముననో మరునాడో సముద్రము చూడబోవుదురు. పిల్లలున్న కుటుంబములకు అది తప్పనిసరి. విశాఖపట్టణము నుండి భీమునిపట్టణము వరకు పాతిక ముప్పది కిలోమీటర్ల తీరము పొడవునను కొండలు సముద్రమునకు చేరువగా దిగివచ్చును. నడుమ ఎర్రమట్టి దిబ్బలు కలవు. ఇవియు, శ్రీనివాసుడు వెలసిన తిరుమల కొండల ప్రకృతి సంపదయు 2025లో యునెస్కో వారి తాత్కాలిక జాబితాలో ఒక్కమారే చేర్పబడినవి. భీమిలి గోస్తనీనది సముద్రమున కలియు చోటు. 1861 నాటికే పురపాలక సంఘమేర్పడిన ఊరు. ఊరి చెంతనున్న కొండపై నృసింహస్వామి కోవెల కలదు. ఆటుసమయమున నీరు వెనుకకు తగ్గినపుడు కొన్ని చోట్ల నల్లని, ఎర్రని బండలు బయటపడును. వాటి సందులలో నీటిగుంటలు నిలుచును. పిల్లలకు అంతకన్న వేరు ఆటస్థలము అక్కరలేదు.

అట్టి తీరమునకు ఒక ఆదివారము వచ్చిన కుటుంబమును పాఠకులు ఊహించుకొనవచ్చును. తండ్రి, తల్లి, పదేండ్ల కుమారుడు, ఆరేండ్ల కుమార్తె, వారి నాయనమ్మ. పులిహోర, దద్ధ్యోదనము డబ్బాలలో కట్టి తెచ్చుకొన్నారు. నాయనమ్మ మాత్రము నీటి దరికి పోలేదు. పౌర్ణమి, అమావాస్య వంటి పర్వదినములలో తప్ప సముద్రమును తాకరాదని ఆమె పుట్టింట విన్న మాట. మాఘపౌర్ణమికి స్నానము చేయుటకు వెనుదీయని ఆమె, ఆ దినము పర్వము గాదు గనుక, ఇసుకలో చాప పరచుకొని ద్వాదశనామములు అనుకొనుచు కూర్చుండెను. కోడలు నవ్వుకొన్నది. ఆ నియమమును నవ్వి త్రోసివేయుట సులభమే. సముద్రము ఇంటి వెనుక చెరువు గాదనియు, దాని దగ్గరకు పోవునపుడు ఒక దినము, ఒక సంకల్పము, ఒక భయము ఉండవలెననియు పెద్దలు తలచిరి. ఆ భయము పోయిన పిదప ప్రతి సంవత్సరమును ఎందరు యువకులు సెలవు దినమున ఇదే తీరమునకు నవ్వుచు వచ్చి తిరిగి ఇంటికి పోలేదో ఆ ఊరివారికి తెలియును.

పిల్లలిద్దరును గవ్వలేరసాగిరి. పిల్లకు చిన్న శంఖు ఒకటి దొరికినది. అరచేతిలో పెట్టుకొని చూచుచుండగా అది కదలి నడచినది. పిల్ల కేక వేసి దానిని జారవిడిచెను. లోపల ఒక చిన్న పీత.

ఈ పీత సంగతి తెలిసికొనదగినది. తక్కిన పీతలకు ఒడలంతయు గట్టి పెంకు కవచము. దీనికి ముందుభాగమునకు మాత్రమే కవచము కలదు. వెనుకభాగము మెత్తనిది, వంకర తిరిగినది. అట్టి శరీరముతో ఇసుకలో పడియున్నచో పక్షియో చేపయో క్షణములో తినివేయును. అందువలన ఎప్పుడో చనిపోయిన నత్త విడిచిన శంఖును వెదకి, వెనుకభాగమును అందులో దూర్చి, ఆ ఇంటిని మోసికొనుచు తిరుగును. ఆంగ్లభాషలో దీనికి సన్యాసి అను అర్థము వచ్చు పేరు పెట్టిరి. ఇల్లు లేక ఒక పూట కూడ బ్రతుకజాలని ప్రాణికి ఈ పేరు పెట్టినవారు సన్యాసులను ఎంతవరకు ఎరుగుదురో! భాగవతము ఏకాదశ స్కంధమున అవధూత యదుమహారాజుతో తన ఇరువదినలుగురు గురువులను గూర్చి చెప్పునపుడు పామును పేర్కొనెను. అది తనకై ఇల్లు కట్టుకొనదు. ఇతరులు కట్టి విడిచిన పుట్టలో కాలము గడపును. తెలుగున ఆ స్కంధమును రచించినవాడు పోతన గాక వెలిగందల నారయ యగుటచే కాబోలు, మన ఇండ్లలో ఆ భాగమును చదువువారు తక్కువ. అవధూత సముద్రతీరమున తిరుగుచు చెప్పియున్నచో పాముతోబాటు ఈ పీతను కూడ చేర్చియుండునేమో.

తండ్రి వచ్చి శంఖును తిరుగవేసి చూపి, "ఇందులో ప్రాణం ఉంది తల్లీ, వదిలెయ్. ఖాళీవి మాత్రం ఏరుకో. అవి ఎవరివీ కావు" అని చెప్పెను. ఇది సహృదయుడైన గృహస్థుని మాట. జీవహింస కూడదు, నిర్జీవమైనది తీసికొన్నచో దోషము లేదు. మనలో నూటికి తొంబదిమంది ఇట్లే చెప్పియుందురు. మాటలోని మొదటి భాగము నిర్వివాదము. చిక్కంతయు రెండవ భాగములో ఉన్నది.

ఖాళీ గవ్వ నిజముగా ఖాళీయేనా? ఆ పీత పెరుగుచుండును, శంఖు పెరుగదు. కొంతకాలమునకు ఇల్లు ఇరుకగును. అంతకన్న పెద్దదానిని అది వెదకుకొనవలెను. ఒడ్డున పెద్ద శంఖు ఒకటి కనబడినపుడు పీతలు దాని చుట్టు చేరి పరిమాణము ననుసరించి వరుసలో నిలుచుట ప్రాణిశాస్త్రజ్ఞులు చూచియున్నారు. అన్నిటికన్న పెద్దది క్రొత్త శంఖులో ప్రవేశించును. అది విడిచినదానిలో రెండవది, రెండవది విడిచినదానిలో మూడవది, ఇట్లు వరుస కడవరకు సాగును. ఒక్క ఖాళీ శంఖు వలన నాలుగైదు ప్రాణులకు తగిన ఇండ్లు దొరకును. దొరకనిచో ఇరుకు శంఖులోనే, సగము ఒడలు బయటపెట్టుకొని, అవి ఆపదలో బ్రతుకవలెను. "ఎవరివీ కావు" అని తండ్రి చెప్పిన గవ్వలలో కొన్నిటికి ఎదురుచూచువారు నీటి అంచుననే ఉన్నారు.

ఒక కుటుంబము పిడికెడు గవ్వలు తీసికొన్నంత మాత్రమున సముద్రమునకు లోటేమని అడుగవచ్చును. స్పెయిన్ దేశములోని కటలోనియా తీరమున ఒక చోట పరిశోధకులు 1978 మొదలు 1981 వరకు గవ్వలను లెక్కించి, తిరిగి 2008 మొదలు 2010 వరకు అదే తీరమున లెక్కించిరి. నడుమ కాలములో విహారమునకు వచ్చువారి సంఖ్య దాదాపు మూడు రెట్లు పెరిగినది. గవ్వలు ఇంచుమించు నూటికి అరువది వంతులు తగ్గినవి. ఆ ఫలితములు 2014లో ప్రకటింపబడినవి. అక్కడకు వచ్చినవారిలో ఎవరును బండ్లతో తరలించుకొనిపోలేదు. ప్రతివాడును పిడికెడే తీసికొని యుండును. తీరమును బాగుచేయు యంత్రములు తీసినవి కొన్ని యుండవచ్చును. ఏమైనను పిడికెడు గవ్వల లెక్క ఒక పిడికిలితో తేలునది కాదు.

ఇక సిద్ధాంతము. యజమాని లేని వస్తువు అను మాటకు వైష్ణవ సిద్ధాంతములో చోటు లేదు. చేతనములును అచేతనములును సమస్తము భగవంతునకు శరీరము. ఆయన శేషి, తక్కినదంతయు శేషము అని భగవద్రామానుజుల వారి దర్శనము. మనువు చెప్పిన యజమాని తెలియని సొత్తు రాజుల లెక్కలో ఉండవచ్చును. ఇచ్చట స్వామి ఎవరో తెలిసియేయున్నది. ఆయన తన సొత్తును ఎన్నడును పోగొట్టుకొన్నవాడు కాడు. పైగా, ఆయన సొత్తైన జీవుడు తన్ను తాను తన సొత్తుగా తలచుటయే దొంగతనములన్నిటికిని మూలమని పూర్వాచార్యులు నిర్ణయించి, దానికి ఆత్మాపహారమని పేరు పెట్టిరి. ఆ మూలమును పట్టుకొని చూచినచో గవ్వను తీసి "ఇది నాది" అని పిల్లవాడు గుప్పిట మూయుటలో ఆ పెద్ద దొంగతనము యొక్క మొలక కనబడును.

అయితే ఇంత బిగువుగా లాగినచో తాడు తెగును. సర్వమును స్వామిదే యైనపుడు త్రాగు నీరు, పీల్చు గాలి, తిను మెతుకు అన్నియు దొంగసొత్తులే కావలెను. పిల్లల ఆటను పట్టుకొని పాపమని బెదరించు భక్తి ఏ ఆచార్యునకును సమ్మతము గాదు. తీరమున పరుగెత్తు పిల్లల ఉల్లాసము కూడ ఆయన లీలావిభూతిలోనిదే. గవ్వలు మన ఇండ్లకు క్రొత్తవి కావు. నాయనమ్మలు వైకుంఠపాళి ఆడించినది గవ్వలు వేసియే. తీరప్రాంతములలో గుల్ల కాల్చి తీసిన సున్నముతో గోడలు కట్టిరి; తాంబూలములో ఆ సున్నమే వాడిరి. గుల్ల ఏరి కాల్చి అమ్ముకొని బ్రతికిన కుటుంబములను దొంగలని ఎవరనగలరు?

ఈ చిక్కునకు పెద్దలు వాదముతో గాక ఆచారముతో సమాధానము చెప్పిరి. ప్రతి వైష్ణవ గృహమునను తులసికోట ఉన్నది గదా. తులసి స్వామికే, ఆ దళములు కోయునది స్వామి అర్చనకే. అయినను తోచినప్పుడు తోచినట్లు కోయరు. ద్వాదశినాడు ముట్టరు, సాయంకాలమైన పిదప కోయరు, కోయుటకు ముందు నమస్కరించి క్షమింపుమని అడుగుదురు. గోటితో గిల్లక సున్నితముగా తీయుదురు, అర్చనకు చాలినన్ని మాత్రమే తీయుదురు. స్వామి సొత్తును స్వామికే తీసికొనిపోవునపుడు సైతము ఇంత అడుగవలసియుండగా, మన వినోదము కొరకు తీసికొనునపుడు ఒక్క క్షణమైనను ఆగనక్కరలేదా? వంటయింటిలో వండినది నివేదనకు ముందు అన్నమే, పిదప ప్రసాదము. మెతుకు మారలేదు, పుచ్చుకొను చేయి మారినది. ఇచ్చినదానిని పుచ్చుకొనుట వేరు, ఎత్తుకొనుట వేరు. తీరమున ఈ భేదమును పాటించుట ఎట్లన్నచో, శంఖును తిరుగవేసి లోపల చూచుట, మంచి శంఖును నీటి అంచున ఉంచి విరిగినదానిని తీసికొనుట, సంచి నింపక ఒకటి రెండిటితో తృప్తి పడుట. ఆరేండ్ల పిల్లకు కూడ ఇది నేర్పవచ్చును. తులసికి దణ్ణము పెట్టుట నేర్చినది అంతకన్న చిన్న వయస్సులోనే గదా.

కుమారుడు చదువరి. అతడు ఊరకొనక, "కృష్ణుడు కూడా సముద్రంలోంచి శంఖం తెచ్చుకున్నాడుగా నాయనమ్మా! అందులో రాక్షసుణ్ణి చంపి మరీ తెచ్చుకున్నాడు" అనెను. ప్రశ్న పిల్లవానిదైనను త్రోసివేయదగినది గాదు. దశమ స్కంధములోని కథ ఇది. గురుదక్షిణగా సాందీపని, ప్రభాసతీర్థమున సముద్రములో మునిగిన తన కుమారుని తెచ్చియిమ్మని కోరెను. బలరామకృష్ణులు తీరమునకు పోయి అడుగగా సముద్రుడు తాను ఆ బాలుని హరింపలేదనియు, శంఖరూపమున నీటిలో తిరుగు పంచజనుడను అసురుడు హరించెననియు విన్నవించెను. కృష్ణుడు వానిని సంహరించెను. బాలుడు వాని కడుపులో లేడు. వాని దేహము నుండి వచ్చిన శంఖమును గైకొని యముని సంయమనీపురమునకు పోయి ద్వారమున పూరించెను. యముడు ఎదురువచ్చి పూజించి గురుపుత్రుని అప్పగించెను.

ఈ కథలో స్వామి తీరమునకు పోయినది శంఖము కొరకు గాదు, ఒక తల్లి పోగొట్టుకొన్న బిడ్డ కొరకు. చేతికి దొరికిన శంఖమును ఇంటి గూటిలో పెట్టుకొనలేదు. ఆ బిడ్డను తెచ్చు పనికే మొదట పూరించెను. సమస్తమునకు స్వామియైనవాడు సైతము తీరమున నిలిచి ముందు సముద్రుని అడిగెను. రామావతారములోను అంతే. బాణమొక్కటి సంధించిన చాలునని తెలిసియు, విభీషణుని ఆలోచనపై దర్భలు పరచుకొని మూడు రాత్రులు సముద్రుని దారి వేడెను. పిదప ధనుస్సెత్తెను గదా అని వాదించువారుందురు. ఎత్తెను, మూడు రాత్రులైన పిదప.

నాయనమ్మ మనుమనికి ఇంత చెప్పలేదు. "ఆయన బిడ్డని తెచ్చాడురా, నువ్వేం తెస్తావు?" అని మాత్రము అడిగెను. వాడు జవాబు చెప్పక బండలవైపు పరుగెత్తెను.

ఆ బండలు తూర్పుకనుమల శిలలే. కోండు జాతివారి పేరు మీదుగా శాస్త్రజ్ఞులు వాటికి కొండలైట్ అని పేరు పెట్టిరి. వాటిలో ఎర్రని గోమేదికపు పలుకులు మెరయుచుండును. అరిగి రాలిన పలుకులే ఇసుకలో ఎర్రచారలై కనబడును. ఎండిన చోట ఈ రాయి గరుకుగా పాదమునకు పట్టునిచ్చును. అల తాకు చోట పాచి పట్టి నూనె రాచినట్లుండును. రాతిని కరచుకొన్న చిన్న చిన్న గుల్లలు అరికాలిని కోయును. ఎక్కునపుడు కన్ను పైనున్న పట్టును చూచును, చేయి దానినందుకొనును. దిగునపుడు అడుగు వేయవలసిన చోటు తనకే కనబడదు. క్రింద నిలిచినవాడు చూచి, కుడికాలు ఇచ్చట, ఎడమకాలు అచ్చట అని చెప్పవలెను. కొండ లెక్కువారందరును ఎరిగిన సంగతి ఇది.

పిల్లవాడు ఎడమగుప్పిట నిండ గవ్వలతో ఒంటిచేత బండ నెక్కెను. పైన నిలిచి కేకలు వేసెను. దిగునపుడు పెద్ద అల ఒకటి వచ్చి బండను తడిపెను. తండ్రి క్రింది మెట్టున నిలిచి, "చెయ్యి ఇయ్యరా" అని చేయి చాచెను. కుడిచేతితో రాతిని పట్టుకొనియుండుటచే ఇయ్యవలసినది ఎడమచేయి. అది మూసియున్నది. "గవ్వలు పారేసి చెయ్యి ఇయ్యి" అని తండ్రి మరల అరచెను. పిల్లవాడు ఒక్క క్షణము తటపటాయించెను. ఆ క్షణముననే కాలు జారెను. తండ్రి ఎగబ్రాకి మణికట్టును ఒడిసి పట్టెను. గుప్పిట విడిపోయి గవ్వలన్నియు బండసందున పడి నీటితో పోయినవి. మోకాలు గీసుకొన్నది. అంతకు మించి కీడు జరుగలేదు. క్రిందికి దిగిన పిదప వాడు ఏడ్చినది మోకాలి కొరకు గాదు. "నువ్వు గట్టిగా లాగబట్టే నా గవ్వలు పోయాయి" అని తండ్రి మీద తగవు.

శరణాగతిని గూర్చి మన సంప్రదాయమున ఉన్న రెండు ఉపమానములను ఎరుగని వైష్ణవ గృహము లేదు. కోతిపిల్ల తల్లి పొట్టను తానే కరచుకొనును. పిల్లికూనను తల్లియే నోట కరచుకొని పోవును. జీవుని వైపున కొంత పట్టు ఉండవలెనని వేదాంతదేశికుల ననుసరించు వడగలై వారును, పట్టు సర్వమును స్వామిదేయని పిళ్లై లోకాచార్యుల ననుసరించు తెంగలై వారును చెప్పుదురు. ఆరేడు వందల సంవత్సరములుగా సాగుచున్న ఈ చర్చ ఒక వ్యాసములో తేలునది కాదు, తేల్చబూనుట ఉచితమును గాదు. బండమీది పిల్లవాని సంగతిని ఈ రెండు ఉపమానముల ప్రక్కన పెట్టి చూచినపుడు మాత్రము ఒక విషయము గమనింపదగియున్నది. కోతిపిల్ల పట్టుకొనునది వట్టి చేతులతో. పిల్లికూన ఏమియు పట్టుకొనదు, తల్లి పట్టునపుడు పెనుగులాడదు. గుప్పిట నిండ తన సొత్తు పెట్టుకొని, దానిని విడువకయే తన్ను కాపాడుమను పిల్లకు ఏ కలైలోను ఉపమానము లేదు. లోకములో ఎక్కువమంది జీవులు అట్టివారే.

అయినను తండ్రి పట్టెను. గుప్పిట విప్పినవాని చేతినే పట్టెదనని అతడు నియమము పెట్టుకొనలేదు. ముందు మణికట్టు పట్టబడినదా, ముందు గుప్పిట విడినదా అని ఆ సాయంకాలము తల్లికి తండ్రికి మాట పట్టింపు వచ్చినది. వాడే గవ్వలు వదలివేసెనని తల్లి, తాను పట్టిన తరువాతనే విడిచెనని తండ్రి. ఇద్దరును కన్నులార చూచినవారే.

ద్రౌపది కథను ఈ సందర్భమున పౌరాణికులు చెప్పుచుందురు. ఒక చేత చీర కుచ్చెళ్లు పట్టుకొని రెండవ చేయి ఎత్తినంతకాలము ఆమె పట్టు ఆమెకు ఉన్నది. రెండు చేతులును ఎత్తినపుడు మాత్రమే స్వామి పట్టు వచ్చినదని వారి వ్యాఖ్యానము. కాని ద్రౌపది విడువవలసివచ్చినది మానము. అంతటి దానితో గవ్వలను పోల్చరాదు. ఇచ్చటికి దగ్గరైనవాడు విభీషణుడు. లంకలో ఇల్లు, ఆలుబిడ్డలు, ఐశ్వర్యము సమస్తమును విడిచి, నలుగురు అనుచరులతో సముద్రపు ఉత్తర తీరమునకు వచ్చి ఆకాశమున నిలిచెను. సుగ్రీవాదులు శంకించిరి. శరణన్నవానికి అభయమిచ్చుట తన వ్రతమని రాముడు ప్రకటించినది ఆ తీరముననే. శరణాగతి శాస్త్రమునకు ఆయువుపట్టైన ఘట్టము సముద్రపుటొడ్డున జరిగినదని గుర్తుంచుకొని ఇసుకలో నడచు యాత్రికులు ఎందరో తెలియదు.

తిరుగు ప్రయాణమున దారిలో గవ్వల దుకాణమున్నది. పోయిన వాటికి బదులుగా మంచివి కొనిపెట్టుదునని తల్లి పిల్లవానిని ఓదార్చెను. ఇచ్చట జాగ్రత్త అవసరము. అలలలో దొర్లి ఒడ్డుకు వచ్చిన గవ్వ అంచులు అరిగి, రంగు వెలిసి, నిగ్గు తప్పియుండును. దుకాణములో అద్దమువలె మెరయు పెద్ద శంఖులు పెక్కు ప్రాణముతో నుండగా నీటినుండి పట్టి, లోపలి ప్రాణిని తీసివేసి, కడిగి అమ్మునవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు పట్టికలలో 2001లో కొన్ని జాతుల శంఖులు, గవ్వలు, పగడములు చేర్పబడినవి. వాటిని పట్టుట, అమ్ముట నేరము. ఒడ్డున పీత యున్న శంఖును దయతో విడిచిన కుటుంబము, దుకాణమున రూపాయలిచ్చి వేరొక ప్రాణి ఇంటిని కొన్నచో ఆ దయ ఎచ్చటికి పోయినట్లు? ధనమిచ్చితిమి గనుక దోషము లేదను భావము, ఎవరివీ కావను భావము కన్న కూడ ప్రమాదమైనది.

ఇదే తీరమున చలికాలపు రాత్రులలో సముద్రపు తాబేళ్లు ఇసుకలోనికి వచ్చి గోతికి నూరు వరకు గ్రుడ్లు పెట్టిపోవును. నెలన్నర రెండు నెలలకు పిల్లలు బయటపడి వెలుగు కనబడు వైపునకు, అనగా సముద్రము వైపునకు ప్రాకును. ఒడ్డున దీపములున్నచో దారి తప్పును. కూర్మరూపుని సేవించుటకు శ్రీకూర్మము దాక పోవు యాత్రికులు ఆ కాలమున తీరముపై రాత్రివేళ దీపములు, గోల తగ్గించుకొనుట ఆ స్వామికి సేవయే యగును.

గవ్వలను గూర్చి ఇంత చెప్పిన పిదప సాలగ్రామమును గూర్చి చెప్పక తీరదు. గండకీనదిలో దొరకు ఆ నల్లని శిలలోని చక్రములు వజ్రకీటము తొలిచినవని పురాణములు చెప్పుచున్నవి. అవి అమ్మొనైట్లను ప్రాచీన సముద్రప్రాణుల పెంకుల ముద్రలని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. హిమాలయములు పైకి లేవక ముందు అచ్చట సముద్రముండెను. ఆ ప్రాణులు జీవించినది పది కోట్ల సంవత్సరములకు పూర్వము. వాటి జాతి అంతరించియే ఆరున్నర కోట్ల సంవత్సరములు దాటినది. రెండు మాటలకును ఒక పోలిక యున్నది. ఒక అల్పప్రాణి తిరుగాడిన చోటు స్వామికి నివాసమైనది. నూటయెనిమిది దివ్యదేశములలో సాలగ్రామ క్షేత్రముగా కీర్తింపబడు ముక్తినాథము సముద్రమట్టమునకు సుమారు 3700 మీటర్ల ఎత్తున నున్నది. ఒకప్పటి సముద్రపుటడుగు నేడు అంత పైకి ఎక్కియున్నది.

ఆ శిలకు ప్రాణప్రతిష్ఠ అక్కరలేదు. స్వామి సాన్నిధ్యము సహజముగా ఉన్నదే. దానిని కొనుట, అమ్ముట, వెల కట్టుట దోషమని పెద్దలు నిషేధించిరి. తండ్రి నుండి కుమారునకు, గురువు నుండి శిష్యునకు చేతి నుండి చేతికి రావలసినదే. నిత్యము తీర్థమును, తులసిదళమును, ఇంత నివేదనయును జరుగవలెను. ఆరాధన జరుపలేని ఇంట దానిని అలంకారముగా ఉంచుకొనరు. ఆరాధించువారికి సమర్పింతురు, కోవెలకు చేర్తురు, అదియు కుదరనిచో నదిలో విడుతురు.